పిన్ని అతికించిన చైను

ఆ నాలుగంతస్తుల మేడలో ఆమెను అందరూ పిన్ని అనే పిలిచేవారు. నిజానికి ఆ వరస మూడో అంతస్తులో ఉండే అక్క కూతురికి మాత్రమే చెల్లుతుంది. కానీ ఆ పిల్ల పిలుపు మెట్ల మీదుగా పైకీ కిందికీ పాకి, వయసులో ఆమెకన్నా చాలా పెద్దవాళ్లు కూడా "పిన్నీ, మోటారు కట్టేశావా?" అని అడిగేదాకా వచ్చింది. ఆమెకూ అదే అలవాటైపోయింది. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఏదో తప్పు చేసి పట్టుబడ్డట్టు ఉలిక్కిపడేది.

తల్లి మంచాన పడి ఉన్న కాలమంతా ఆమె పెళ్లి మాట వాయిదా పడుతూ వచ్చింది. తల్లి పోయాక ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు. "కొన్నాళ్లు మా దగ్గర ఉందువుగాని రావే" అని అక్క తీసుకొచ్చింది. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో అక్క చెప్పలేదు, బావగారు అడగలేదు. వంటింటి పక్కన సామాన్ల గదిలో ఒక మంచం వేశారు. పిన్ని ఆ గదిలో చప్పుడు లేకుండా మసలడం నేర్చుకుంది. గిన్నె కింద పెడితే చప్పుడు రాదు, తలుపు వేస్తే చప్పుడు రాదు. తాను ఉన్నట్టు ఇంట్లోవాళ్లకు బరువుగా తెలియకూడదన్నది ఆమె పట్టుదల.

పెద్దాసుపత్రిలో బట్టలుతికే విభాగంలో ఆమెకు ఉద్యోగం. ఉతికిన దుప్పట్లు ఇస్త్రీ మరలోంచి పొగలు కక్కుతూ బయటికి వస్తాయి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు మూలలు పట్టుకుని మడవాలి. పిన్ని మడిచిన దుప్పటి అంచుకు అంచు అతుక్కున్నట్టు ఉండేది. "నువ్వు మడిచింది విప్పాలంటే పేషెంట్లకు మనసొప్పదు, నేలమీదే పడుకుంటారు" అని సూపర్‌వైజరు ఎగతాళి చేసేవాడు.

అందుకేనేమో, ఆ ఇంట్లో ఆమె కన్ను పడిన వస్తువు ఒకే ఒక్కటి, బావగారి మడత సైకిల్.

బావగారికి షుగరు వచ్చిందని తెలిసినప్పుడు డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. మెట్ల కింద పెడితే ఎవరెత్తుకుపోతారోనని ఆయన మడిచి ఇంట్లో పెట్టుకునే రకం కొన్నారు. చిన్న చిన్న చక్రాలు, పొడవాటి సీటు కడ్డీ. నడుం దగ్గర ఒక గొళ్లెం తీస్తే సగానికి ముడుచుకుంటుంది. హ్యాండిల్ కిందికి వాలుతుంది. పెడళ్లు కూడా రెక్కల్లా లోపలికి ముడుచుకుంటాయి. వీధి తలుపు వెనక, పాత దుప్పటి కప్పి పెట్టుకునేవారు. ఆదివారం పొద్దున్నే దాన్ని విప్పి, తలకు హెల్మెట్, చేతులకు తొడుగులు వేసుకుని, ఇద్దరు స్నేహితులతో వంతెన దాటి వెళ్లొచ్చేవారు. తిరిగొచ్చాక గుడ్డ పెట్టి ప్రతి కడ్డీ తుడిచేవారు. అక్క కూతురు దానికి "తమ్ముడు" అని పేరు పెట్టింది. "నాన్నా, తమ్ముడికి స్నానం అయిందా?" అనేది. బావగారు నవ్వేవారు గాని, దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. "మడత తెలియని చేతులు పడితే కీలు పోతుంది" అనేవారు.

ఆ మాట విన్నప్పుడల్లా పిన్నికి లోపల కొంచెం చురుక్కుమనేది. మడత తెలియని చేతులట.

చిన్నప్పుడు వాళ్ల నాన్న పెద్ద సైకిల్‌ను, సీటు అందక, త్రికోణంలోంచి కాలు దూర్చి తొక్కేది ఆమె. ఆ సంగతి అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. అక్క కూడా మర్చిపోయినట్టే ఉంది.

ఒకరోజు తెల్లవారుతుండగా, రోజూ పనికి తీసుకెళ్లే ఆసుపత్రి వ్యాను డ్రైవరు ఫోన్ చేసి, టైరు పోయింది, ఎవరి దారి వాళ్లు చూసుకోండి అన్నాడు. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. బావగారిని లేపి అడగొచ్చు. లేపితే విసుక్కోరు, కిందికి దిగొచ్చి ఆటో మాట్లాడి పంపేవారు. సైకిల్ మాత్రం ఇచ్చేవారు కాదు. అది తెలిసే పిన్ని లేపలేదు. దుప్పటి తీసి, సైకిల్‌ను చంకకెత్తుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. వీధిలో దాన్ని విప్పినప్పుడు ఒక్కసారి కూడా తడుముకోలేదు. అన్ని ఆదివారాలు వంటింటి గుమ్మంలోంచి చూసిన పని కదా.

ఆ వెళ్లడం ఆమె ఎన్నేళ్లయినా మర్చిపోలేదు. ఖాళీ వీధులు, ముఖానికి చల్లగాలి, మోకాళ్ల దాకా ఎగిరే చీరను ఒక చేత్తో అదుముకుంటూ, తనలో తాను నవ్వుకుంటూ వెళ్లింది. ఆసుపత్రిలో దాన్ని మడిచి బల్ల కిందికి తోసేస్తే తోటి ఆడవాళ్లు మూగి చూశారు. "ఎవరిది?" అని అడిగారు. "మాదే" అంది.

మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు తమ వీధి మొదట్లో ఎత్తు ఉంది. ముందు ఒక పెద్దమనిషి మామూలు సైకిల్ మీద ఆయాసపడుతూ వెళ్తున్నాడు. ఆయన్ని దాటాలని పిన్నికి బుద్ధి పుట్టింది. సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడళ్ల మీద మోపి, అదే ఊపులో గేరు కూడా మార్చింది. టప్పుమని ఏదో తెగింది. కాలు గాల్లోకి పోయి పెడల్ మోకాటి చిప్పకు తగిలింది. పడలేదు. వెనక్కి చూస్తే, చైను రోడ్డు మీద నడుం జారిన బెల్టులా పడి ఉంది.

ఎదురుగానే గాలి మేస్త్రి కొట్టు. వాళ్ల మేడకు ఎదుటి మేడ మెట్ల కింద ఉన్న జాగాలో అతను సైకిళ్లు బాగుచేసేవాడు. దారిన పోయే ఎవరికైనా ఊరికే గాలి కొట్టిపెడతాడని ఆ పేరు వచ్చింది. అతని దగ్గరికి వెళ్తే చిటికెలో పని అయిపోయేది. కానీ ఆ సైకిల్‌ను అతను ఎరుగును. కిందటి నెలే బావగారు బ్రేకులు సరిచేయించి, చైనుకు నూనె వేయించారు. రేపు ఆయన దారిలో కనబడితే "చైను ఎలా ఉందండీ?" అని అడుగుతాడు. పిన్ని చైనును భోజనం డబ్బా సంచిలో వేసుకుని, సైకిల్‌ను వెనక సందులోంచి నడిపించుకుపోయింది.

ఇంట్లో ఎవరూ లేరు. డాబా మీదికి పట్టుకెళ్లి నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంది. ఒక లింకు పక్క రేకు పిన్ను మీంచి ఊడి వంకరపోయింది. తక్కినదంతా బాగానే ఉంది. పట్టకారుతో రేకును తిన్నగా చేసింది. పిన్ను మీద కూర్చోబెట్టి, కింద ఒక పెద్ద నట్టు ఆనించి, పైన మేకు తల పెట్టి సుత్తితో కొట్టింది. రెండు దెబ్బలు జారి రేకు మీద గుంటలు పడ్డాయి. చివరికి పిన్ను లోపలికి దిగినట్టే అనిపించింది. అయితే ఆ కీలు దగ్గర చైను వంగకుండా నిక్కింది. అటూ ఇటూ వంచి వంచి సడలించింది. పళ్లచక్రం మీదికి ఎక్కించి చేత్తో పెడల్ తిప్పింది. తిరిగింది. ఒక్కటే, ఆ లింకు వెనక చక్రం దగ్గరికి వచ్చినప్పుడల్లా టిక్కుమంటోంది.

పిన్ని ఆ చప్పుడు విన్నది. విని, కొత్తగా పెట్టింది కదా, తిరగ్గా తిరగ్గా అదే సర్దుకుంటుందిలే అనుకుంది. సైకిల్ తుడిచి, మడిచి, తలుపు వెనక పెట్టి, దుప్పటి మునుపటికన్నా అందంగా కప్పింది.

సాయంత్రం బావగారు రాగానే చెప్పేద్దామనుకుంది. భోజనాల దగ్గర అక్క కూతురు "పిన్నీ, గోళ్లలో ఆ నలుపేంటి?" అంది. "ఆసుపత్రి మర గ్రీజు" అని నోటికొచ్చేసింది. ఇక ఆ పూట చెప్పడం కుదరలేదు. మర్నాడు బావగారు ఆఫీసులో ఎవరితోనో గొడవపడి వచ్చారు. శనివారం సాయంత్రం ఆయన సైకిల్ బయటికి తీసి చక్రాలకు గాలి చూసుకుంటుంటే, పిన్ని వంటింట్లో కూరగాయలు తరుగుతూ వింది. ఇప్పుడు చెప్తే ఇప్పుడే మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్తారు, రేపటికి ఏ ఇబ్బందీ ఉండదు. అన్నీ తెలుసు. కత్తి ఆపి గుమ్మందాకా వచ్చింది. "ఏం కావాలమ్మా?" అన్నారు బావగారు తలెత్తి. "టీ పెట్టమంటారా?" అంది.

ఆదివారం పొద్దున వీధి తలుపు గొళ్లెం తీసిన చప్పుడు ఆమెకు మంచం మీదికి వినబడింది. ముసుగు తన్ని పడుకునే ఉంది.

వంతెన ఎక్కుతుంటే చైను తెగింది. బావగారు భుజం మీద పడ్డారు. వెనక వస్తున్న కారు ఆయన తలకు మూరెడు దూరంలో ఆగిందట. స్నేహితులు ఆసుపత్రికి తీసుకెళ్లారు. భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది, ముందుపన్ను ముక్క లేచిపోయింది. మధ్యాహ్నానికి చెయ్యి మెడకు కట్టించుకుని ఇంటికి వచ్చారు.

"ఆ మేస్త్రి చేతికిచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ. ఇంకాస్తయితే పైకి పంపించేవాడు" అన్నారు.

పిన్నికి ఆ టిక్కుమన్న చప్పుడు మళ్లీ చెవిలో వినబడింది. ఆయన కోపం తన మీదికి కాకుండా ఇంకొకరి మీదికి వెళ్లడం చూసి, లోపల ఎక్కడో ఒక మూల హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని తలచుకునే తర్వాత చాలాకాలం కుమిలిపోయింది.

మర్నాడు సాయంత్రం బావగారు స్నేహితులిద్దర్నీ వెంటబెట్టుకుని కొట్టుకు బయల్దేరారు. చెయ్యి కట్టి ఉంది కాబట్టి, తెగిన చైను ఉన్న కవరు పట్టుకోవడానికి పిన్నిని రమ్మన్నారు.

గాలి మేస్త్రి ఎవరిదో చక్రం తిప్పి చూస్తున్నాడు. బావగారు కవరు అందుకుని చైనును అతని ముందు బల్లమీదికి విసిరారు. "నీ పనితనం చూసుకో" అన్నారు. వీధిలో పోయేవాళ్లు నిలబడ్డారు. మేస్త్రి చేతులు తుడుచుకుని చైనును లింకు లింకు తడుముకుంటూ వెళ్లి, ఒకచోట ఆగాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"అయ్యా, నేను నూనె మాత్రమే వేశానండీ. చైను విప్పలేదు. దీన్ని ఎవరో మేకుతో కొట్టారు. ఇదిగో, రేకు మీద దెబ్బలు."

"మేకుతో కొట్టేవాళ్లు మా ఇంట్లో ఎవరున్నారయ్యా? నేనా? మా ఆవిడా? కాలేజీకి పోయే పిల్లా?" బావగారు పక్కకు తిరిగారు. "చెప్పమ్మా, ఎవరున్నారు మనింట్లో?"

అందరూ పిన్ని వంక చూశారు. మేస్త్రి కూడా చూశాడు.

"ఎవరూ లేరు" అంది పిన్ని.

ఆ మాట ఆమెకే వినబడనంత మెల్లగా వచ్చింది. అయినా అందరికీ వినబడింది. బావగారి స్నేహితుడొకాయన చైను ఫొటో తీసి, చుట్టుపక్కల మేడలవాళ్లంతా ఉండే ఫోన్ గ్రూపులో పెట్టాడు. కింద, ఈ మేస్త్రికిచ్చి ప్రాణాల మీదికి తెచ్చుకోకండి అని రాశాడు.

ఆ తర్వాత రోజుల్లో ఇంట్లో పిన్ని పని రెట్టింపైంది. బావగారికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు, ముద్ద కలుపుకోవడం రాదు. అక్క ఉద్యోగానికి వెళ్లాక అవన్నీ ఆమే చూసింది. పలకరించడానికి వచ్చినవాళ్లతో బావగారు "మా మరదలు లేకపోతే నా గతేమయ్యేదో. కన్నతల్లిలా చేస్తోంది" అనేవారు. పన్ను విరిగిన చోట గాలిపోయి ఆ మాటలు కొంచెం ఈలలా వినబడేవి. అక్క వచ్చినవాళ్ల ముందు ఆమె చెయ్యి పట్టుకుని "ఈ చేతులు చూడండి, ఎంత అరిగిపోయాయో" అంది. పిన్ని చెయ్యి లాక్కుంది. "సిగ్గు దానికి" అని అక్క నవ్వింది.

సిగ్గే. కాకపోతే అక్క అనుకున్న సిగ్గు కాదు.

వ్యాను ఎక్కడానికి రోజూ మేస్త్రి కొట్టు ముందునుంచే వెళ్లాలి. మునుపు అక్కడ వరసగా సైకిళ్లు ఆనించి ఉండేవి. ఇప్పుడు అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి అవసరం లేకపోయినా రెంచీలన్నీ తీసి తుడిచి మళ్లీ అవే మేకులకు తగిలిస్తున్నాడు. పిన్ని రోడ్డు అవతలి పక్కకు మారి నడవడం మొదలుపెట్టింది. అదీ చాలక కొంగు తలమీదికి లాక్కునేది. ఒక మధ్యాహ్నం గుండె చిక్కబట్టుకుని కొట్టు ముందు ఆగింది. మేస్త్రి లేచి "ఏం కావాలండీ?" అన్నాడు. బేరం వచ్చిందన్న ఆశ ఆ గొంతులో ఆమెకు వినబడింది. "కత్తెర సాన పడతారా?" అంది. "పట్టనండీ" అన్నాడు. వచ్చేసింది.

కొద్దిరోజులకు భోజనాల దగ్గర అక్క చెప్పింది. "ఆ మేస్త్రిని ఖాళీ చేయమందట ఎదుటి మేడ ఓనరమ్మ. నెలాఖరుకి పోతాడు."

"పోనీ. పీడ విరగడవుతుంది" అన్నారు బావగారు.

పిన్ని వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టింది. ఈసారి చప్పుడైంది.

"బావా, ఆ చైను మేకుతో కొట్టింది నేనే."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. "ఏ చైను?" అంది అక్క.

"సైకిల్ చైను. వ్యాను రాని రోజు మిమ్మల్ని అడక్కుండా తీసుకెళ్లాను. నేను తొక్కుతుంటే తెగింది. డాబా మీద నేనే అతికించాను. అది సరిగ్గా పడలేదని నాకు తెలుసు. చెప్పలేదు."

"పిన్నీ, నీకు సైకిలొచ్చా?" అంది అక్క కూతురు. అందరికన్నా ముందు ఆ పిల్లకే మాట వచ్చింది. అక్క కసిరింది.

బావగారు ఎడంచేత్తో కంచం పక్కకు జరిపారు. తర్వాత "అంటే, మా ఇంట్లో ఉంటూ..." అని ఆగిపోయారు. అక్క ఆయన వంక చూసింది. ఆయన ఆ వాక్యం పూర్తిచేయలేదు. పిన్నికి మాత్రం మొత్తం వినబడింది.

"ఆ రోజు కొట్టు దగ్గర అడిగాను కదా నిన్ను" అన్నారు చివరికి.

"అడిగారు."

"అందరి ముందూ అడిగాను."

"అవును బావా."

బావగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అక్కడినుంచి ఎదుటి మేడ మెట్లు కనబడతాయి. "సరే. అయిందేదో అయింది. ఇది ఇక్కడితో వదిలేద్దాం. బయటెవరికీ చెప్పక్కర్లేదు."

"అతను ఖాళీ చేస్తున్నాడు కదా."

"అయితే నన్నేం చేయమంటావు? ఊరంతా చాటింపేశాను. ఇప్పుడు వెళ్లి, అబ్బే మీరు కాదండీ, మా మరదలండీ అనమంటావా? నలుగురూ నా ముఖాన నవ్వరూ?"

"మీరు అనొద్దు. నేను చెప్తాను."

"నువ్వు చెప్పినా నవ్వేది నన్నేగా" అన్నారు బావగారు. ఆ గొంతులో కోపంకన్నా బతిమాలడమే ఎక్కువగా ఉంది. పిన్నికి అప్పుడు తెలిసింది, ఆయన కూడా తనలాగే మూలకు నక్కడానికి చోటు వెతుక్కుంటున్నారని. జాలేసింది. అయినా ఆగదలచుకోలేదు.

మర్నాడు పనినుంచి వస్తూ నేరుగా కొట్టుకు వెళ్లింది. ఈసారి రోడ్డు మారలేదు. మేస్త్రి అట్టపెట్టెల్లో సామాను సర్దుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పింది. అతను వింటూ ట్యూబులు చుట్టి పెట్టెలో పెడుతూనే ఉన్నాడు. ఆమె ఆపాక కూడా ఇంకో ట్యూబు చుట్టాడు.

"ఇన్నాళ్లూ నా కొట్టు ముందునుంచే కదండీ నడిచారు" అన్నాడు.

"అవునండీ."

"కత్తెర సాన పట్టాలా అని కూడా అడిగారు."

పిన్ని తలవంచుకుంది. "నన్ను క్షమించండి."

"నాకు చెప్తే ఏం లాభం పిన్నిగారూ? నేను చేయలేదని నాకు ముందే తెలుసు కదా." అంతే అన్నాడు. మళ్లీ పెట్టె వైపు తిరిగాడు.

అతను తిట్టి ఉంటే ఆమె ఏడ్చి ఇంటికి పోయేది. ఆ మాటతో ఇంటికి పోవడానికి వీల్లేకపోయింది. అటునుంచి అటే ఎదుటి మేడ ఓనరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మీ బావగారే కదమ్మా అతన్ని ఉంచకండని చెప్పింది. ఇప్పుడు నువ్వొచ్చి ఇలా అంటున్నావు. నేనెవరి మాట నమ్మాలి?"

"మేకు కొట్టిన మనిషి మాట నమ్మండి" అంది పిన్ని.

తర్వాత తమ మేడకు వచ్చి కింది ఫ్లాటునుంచి మొదలుపెట్టి ఒక్కో తలుపూ తట్టింది. ఫోన్ గ్రూపులో ఆమె లేదు, ఉన్నా అందులో రాయడం ఆమెకు రాదు. తెలిసిన దారి అదొక్కటే. మొదటి ఇంటావిడ మోటారు సంగతి అనుకుని "నీళ్లు రావట్లేదా పిన్నీ?" అంది. విన్నాక, "పోనీలే, ఎందుకిలా ఇంటింటికీ తిరగడం" అని జాలిగా లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. ఇంకో ఇంటాయన "అంటే అతని దగ్గరికి వెళ్లొచ్చంటారా?" అని పనికొచ్చే ముక్క ఒక్కటే అడిగి తలుపేసుకున్నాడు. వేరొకావిడ కళ్లు పెద్దవి చేసి "మీ బావగారేమన్నారు?" అని గుమ్మంలోంచి కదలనివ్వలేదు.

రెండో అంతస్తులో చెవుడున్న పెద్దాయన ఉంటారు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆ?" అన్నారు.

"సైకిల్ చైను పాడుచేసింది నేనండీ."

"పైన చైను ఎవరు పారేసుకున్నారు? బంగారందా?"

"బంగారం కాదండీ. సైకిల్‌ది. మా బావగారి సైకిల్ చైను. చెడగొట్టింది నేను. మేస్త్రి తప్పేం లేదు."

"మేస్త్రి ఎత్తుకెళ్లాడా?"

పిన్ని గట్టిగా ఊపిరి తీసుకుని, గొంతెత్తింది. "మేస్త్రి తప్పు లేదు. చైను చెడగొట్టింది నేను. నేనే అబద్ధమాడాను."

మెట్లదారి అంతా ఆ మాట మార్మోగింది. పైన ఒక తలుపు తెరుచుకుంది, కింద రెండు తెరుచుకున్నాయి. చప్పుడు చేయకుండా బతకడం నేర్చుకున్న మనిషి గొంతు అంత పెద్దదని ఆ మేడలో ఎవరికీ తెలియదు. మూడో అంతస్తులో, కటకటాల దగ్గర, మెడకు చెయ్యి కట్టుకుని బావగారు నిలబడి ఉన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన లోపలికి వెళ్లిపోయారు.

"ఓ, అదా" అన్నారు పెద్దాయన తాపీగా. "దానికి అరవడం దేనికమ్మా."

ఓనరమ్మ మేస్త్రిని ఉండనిచ్చింది. పాత బేరాల్లో కొంతమంది తిరిగి వచ్చారు. కొంతమంది అప్పటికే వేరే కొట్టు అలవాటు చేసుకున్నారు, రాలేదు. ఫొటో పెట్టిన స్నేహితుడు దాన్ని తీసేశాడు గాని, ఎందుకు తీశాడో ఎక్కడా రాయలేదు.

ఇంట్లో బావగారు చాలాకాలం పిన్నితో నేరుగా మాట్లాడలేదు. "మీ పిన్నిని నీళ్లడుగు" అని కూతురితో అనేవారు, పిన్ని పక్కనే నిలబడి ఉన్నా. గుండీలు మాత్రం ఆమే పెట్టాలి. ఇద్దరూ చెరో గోడను చూస్తూ ఆ పని కానిచ్చేవారు. అక్క ఒకరోజు సామాన్ల గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. "నన్నడిగితే నేను ఇప్పించేదాన్ని కాదటే ఆ సైకిల్?" అంది. "నాన్న సైకిల్ నువ్వు తొక్కేదానివి కదూ. నేను వెనక కూర్చునేదాన్ని." పిన్ని ఏడ్చింది. అక్క కూడా.

చెయ్యి కట్టు విప్పిన వారం, బావగారు పేపరు చదువుకుంటూ, పేపరులోకే చూస్తూ అన్నారు. "ఆ సైకిల్ బాగుచేయించుకురా."

పిన్ని నిలబడిపోయింది. "నేనా బావా?"

"మడత తెలుసుగా నీకు."

ఆ మాట వెక్కిరింపో మరొకటో ఆమెకు తేలలేదు. సైకిల్ ఎత్తుకుని వెళ్లింది. మేస్త్రి చూసి, "ఆయన రారా?" అన్నాడు.

"రారండీ."

అతను గోడ మేకుకు వేలాడుతున్న చైను తీశాడు. ఆ రోజు బావగారు విసిరేసిందే.

"పారేయలేదా?" అంది పిన్ని.

"నా మీద పడ్డ నింద కదండీ. ఎలా పారేస్తాను?" బల్లమీద పెట్టాడు. కొంచెంసేపు ఆలోచించి, తన పీట ఆమె వైపు తోశాడు. "కూర్చోండి. మీరే చేయండి."

పిన్నును బయటికి నెట్టే చిన్న పరికరం ఆమె చేతికిచ్చాడు. దాని పిడి తిప్పుతుంటే సుత్తి దెబ్బ ఒక్కటి లేకుండా పిన్ను నెమ్మదిగా జారిపోయింది. గుంటలు పడ్డ లింకు రెండు రేకులూ ఊడి చేతిలోకి వచ్చాయి. "ఒకసారి ఊడిన పిన్ను మళ్లీ కొడితే నిలవదు. పైకి నిలిచినట్టే ఉంటుంది, బరువు పడగానే పోతుంది" అన్నాడు మేస్త్రి. దాని చోట చైను కొసలను కలిపే కొత్త లాకు వేయించాడు. రెండు కొసలూ దగ్గరికి తెచ్చి లాకు గుచ్చి, పైన సన్నటి క్లిప్పు నొక్కాలి. పిన్ని నొక్కింది.

"తిరగేశారు. మూసి ఉన్న వైపు చైను పరిగెత్తే దిక్కుకు ఉండాలి. తీసి మళ్లీ పెట్టండి."

తీసి మళ్లీ పెట్టింది. అతను సైకిల్‌ను రెండుసార్లు మడిపించి విప్పించాడు. పెడల్ తిప్పి, వంగి చూశాడు. బాగుందని గాని, బాగాలేదని గాని అనలేదు. "ఎక్కి సందు చివరిదాకా వెళ్లి రండి" అన్నాడు.

"నేను ఎక్కనండీ."

"ఎక్కకపోతే తెలిసేదెలా? ఆయన్ని ఎక్కించి చూస్తారా మళ్లీ?"

ముఖం ఎర్రబడి, ఎక్కింది. సందు చివరిదాకా, చీర అదుముకుంటూ, చాలా నెమ్మదిగా వెళ్లి వచ్చింది.

బావగారు తిరిగి సైకిల్ ఎక్కిన కొత్తలో ఒక ఆదివారం కొట్టు ముందు ఆగారట. అక్క కూతురు కిటికీలోంచి చూసి వచ్చి చెప్పింది. గాలి తగ్గిందని చక్రం చూపించారట. మేస్త్రి పంపు తీసుకుని కొడుతుంటే, బావగారు వంతెన వైపు చూస్తూ, "ఆ రోజు నేను కొంచెం ఎక్కువ మాట్లాడాను" అన్నారట.

"కొంచెమేం కాదు లెండి" అన్నాడట మేస్త్రి, పంపు ఆపకుండా.

వీధి అవతలినుంచి ఆ మాటలు నీకెలా వినబడ్డాయే అని అక్క అడిగితే, "నాన్నే చెప్పాడు" అంది ఆ పిల్ల. అది విని పిన్ని కాసేపు వంటింట్లో ఏం చేస్తోందో మర్చిపోయి నిలబడింది.

ఇప్పుడు బావగారు "కావాలంటే సైకిల్ పట్టుకెళ్లు" అంటారు. ఒకసారి ఆఫీసువాళ్ల ముందు కూడా అన్నారు. పిన్ని సరేనంటుంది గాని పట్టుకెళ్లదు. సైకిల్ మీది దుప్పటి మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్న రోజులున్నాయి. వ్యాను కోసం పొద్దున్నే దిగి, కొట్టు ముందునుంచి ఇవతలి పక్కనే నడుస్తుంది. మేస్త్రి షట్టరు ఎత్తుతూ ఉంటాడు. "బాగున్నారా" అంటుంది. కొన్నిరోజులు అతను తలూపుతాడు. కొన్నిరోజులు పనిలో ఉన్నట్టు వంగే ఉంటాడు. అతను తలూపని రోజున కూడా ఆమె ఆ మాట అనకుండా వెళ్లదు.